జేబుల్లేని నిక్కర్లు

మొన్న మనవరాలికి కొన్న గౌనుకు రెండు పక్కలా జేబులు కనబడితే ముచ్చటపడి చేయి పెట్టబోయాను, తీరా చూస్తే అది జేబు కాదు, జేబులా కనిపించే ఉత్త కుట్టు. పిల్ల నవ్వింది గానీ, నాకు మాత్రం డెబ్బయ్యో దశకంలో యాకుత్‌పురా స్టేషను వెనక మా మేనత్త నడిపిన కుట్టు కేంద్రం కళ్లముందు నిలిచింది.

జైలు నుంచి విడుదలైన ఆడవాళ్లకు పని నేర్పి, ఎక్కడో ఒకచోట కుదిర్చేదాకా మా అత్తకు నిద్రపట్టేది కాదు. వాళ్లు ఏం చేసి లోపలికి వెళ్లారో అడగకూడదన్నది ఆమె పెట్టిన ఒకే నియమం. నేను కుట్టు పరీక్ష పాసై అక్కడ టీచరుగా చేరాను. సర్టిఫికెట్ చేతికి రాగానే మన తరంవాళ్లకు ఎంత పొగరుండేదో మీకు చెప్పనక్కర్లేదు.

అక్కడికొచ్చిన ఒకావిడను అందరం అక్కా అనేవాళ్లం. పదకొండేళ్లు లోపలుండి, అక్కడే మిషను నేర్చుకుని, ఖైదీల బట్టలు కుట్టి కుట్టి చేయి తిరిగిన మనిషి. తమ్ముడింట్లో ఉండేది, మరదలు పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. సంతోష్‌నగర్‌లో ఒక బడివాళ్లు ముందు ఇరవై నిక్కర్లు కుట్టి చూపిస్తే యూనిఫారాల పని ఆమెకే ఇస్తామన్నారు. ఆ పని దొరికితే తనకంటూ ఒక గది తీసుకోవచ్చు, లేకపోతే మళ్లీ ఆ మరదలి గుమ్మమే.

ఇవ్వాల్సిన రోజు పొద్దున మూట విప్పి చూస్తే ఎక్కడా వంక పెట్టడానికి లేదు, కానీ ఒక్క నిక్కరుకూ జేబు లేదు. జేబులేవక్కా అన్నాను.

"జేబులెందుకమ్మా, అండ్ల పెట్టుకునేటందుకు ఏముంటది?" అంది. అని, నా మొహం చూసి ఆగిపోయింది.

ఖైదీల బట్టలకు జేబులుండవు. కొలతలన్నీ దగ్గరుండి చెప్పిన టీచరమ్మకు ఆ ఒక్క మాట చెప్పాలని తోచలేదు, సిగ్గుతో తలెత్తలేకపోయాను. మూడింటికల్లా బట్టలు బడికి చేరాలి. జేబుల లోపలికి పల్చటి గుడ్డ కావాలి, శుక్రవారం, జుమ్మా నమాజు రోజు కావడంతో మా వైపు దుకాణాలన్నీ బందు.

అక్క తన సంచిలోంచి ఒక నూలుచీర తీసింది. లోపలికి వెళ్లిన రోజు ఒంటిమీదున్న చీర అది, జైలువాళ్లు మూటగట్టి ఉంచి విడుదలనాడు తిరిగిచ్చారట. వద్దక్కా అన్నాను.

"ఫికర్ చెయ్యకు, గిది ఇంక నేను కట్టేది కాదు" అని కత్తెర పెట్టింది.

పక్క కుట్టు విప్పడం, గుడ్డ అమర్చడం, మళ్లీ కుట్టెయ్యడం. నేను ఒకటి ముగించేలోపు ఆమె మూడు ముగించింది. ఆ చేతులను చూస్తూ మిషను తొక్కడమే మరిచిపోయాను, అంత వేగంలో అంత నెమ్మది ఎలా సాధ్యమో నాకు ఈనాటికీ అర్థం కాదు. రెండున్నరకల్లా నలభై జేబులూ పూర్తయ్యాయి, పని ఆమెకే దక్కింది.

తర్వాత పురానాపూల్ దగ్గర ఆమె తీసుకున్న గది చూడ్డానికి వెళ్లాను. ఆ చీరలో మిగిలిన ముక్కతో లంగాకు లోపలివైపు జేబు కుట్టుకుంది. అందులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది, మళ్లీ తాళం వేసింది, ఊరికే ఇంకోసారి తెరిచింది.

మా అత్త లేదు, కేంద్రం ఉన్నచోట ఇప్పుడు రెడీమేడ్ బట్టల దుకాణం. జైలు నుంచి బయటికొచ్చే ఆడవాళ్లు ఈ రోజుల్లో ఎవరి తలుపు తడుతున్నారో నాకు తెలియదు. నిన్న కూర్చుని ఆ గౌను కుట్టు విప్పి, రెండు పక్కలా నిజం జేబులే కుట్టాను. నాకు ఒక పూటంతా పట్టింది.