కప్పతల్లికి నేను తెచ్చిన కప్ప

ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయాక ఇంట్లో చెప్పడానికి మనిషే లేదు. యాభై ఏళ్లు దాటింది, ఈ బరువు గుండెల మీద ఎత్తుకుని. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అరవైల చివర్లో శ్రీకాకుళంలో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో సహాయకుణ్ణి. పిల్లలు కోసి నేర్చుకోవడానికి కప్పల్ని తొట్టెలో ఉంచేవాళ్లం. ఒక ఎండాకాలం అవి వరసగా చావడం మొదలుపెట్టాయి. తొడల మీద ఎర్రటి పుళ్లు, పొట్ట కింద నెత్తురు మరకలు. ఏదో అంటురోగం, సున్నం వేసి అన్నిటినీ పాతిపెట్టమన్నారు మేష్టారు. పాతిపెట్టాను. ఒక్కదాన్ని తప్ప. దాని ఒంటి మీద మచ్చ లేదు, చలాకీగా ఉంది.

పాతపట్నం దగ్గర మా ఊళ్లో ఆ ఏడు చినుకు లేదు. ఆడవాళ్లు కప్పతల్లిని ఆడించాలనుకున్నారు. రోకలికి వేపమండలతో కప్పను కట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించి, చివరికి చెరువులో వదలాలి. ఎండిన పొలాల్లో ఒక్క కప్పా దొరకలేదు. రోకలి పట్టేది మా పక్కింటి పైడమ్మ వదిన. ఆమెది మంచి చెయ్యి అని ఊరి నమ్మకం. ఉడుపుల్లో మొదటి నారు ఆమే నాటాలి. ఆమె అడగ్గానే గొప్పగా రుమాల్లో చుట్టి తెచ్చిచ్చాను. మేష్టారి మాట గుర్తులేదా? ఉంది. ఒక్క కప్పే కదా అనుకున్నాను.

వానొచ్చింది. చెరువు నిండింది. బురదలోంచి బయటికొచ్చిన కప్పలన్నీ అవే ఎర్రటి పుళ్లతో చచ్చి తేలాయి. ఆ వానాకాలమంతా చెరువు వైపు నుంచి ఒక్క బెకబెక లేదు. తల్లికి అపచారం జరిగిందన్నారు. ఎవరి చేతిలో? రోకలి పట్టిన చేతిలో. ఉడుపులకు పైడమ్మ వదినను ఎవరూ పిలవలేదు. పెళ్లిళ్లకు పసుపు దంచడానికీ పిలవలేదు.

తన పొలం చెక్కలో ఒక్కతే నారు నాటుకుంటుంటే గట్టు మీద ఆమెకు నేను కనబడ్డాను.

"సదువుకున్నోడివి గదా, నిజం సెప్పు మరిదీ. నా సేతిలో ఏటైనా సెడు ఉన్నాదేటి?"

"అలగంటావేటొదినా. అంతా ఆ తల్లి దయ."

ఆమె మళ్లీ వంగి నాటుకుంది. నేను ఇంటికొచ్చేశాను.

కప్పలకూ వైరస్ రోగాలుంటాయనీ, పైకి బాగున్న కప్ప కూడా వాటిని మోసుకెళ్లగలదనీ చాలా ఏళ్లకు చదివాను. మా చెరువుకు వచ్చింది అదేనని రుజువు లేదు. ఆ 'ఏమో'ను అడ్డం పెట్టుకుని ఎంతకాలం దాక్కున్నానో! కానీ ఆ రోజు గట్టు మీద నిలబడ్డవాడికి ఏ చదువూ అక్కర్లేదు, ఆ పుళ్లను వాడు తొట్టెలోనే చూశాడు. మరెందుకు చెప్పలేదు? కొడతారనా? కాదు. చదువుకున్నోడని ఊరు ఇచ్చే మర్యాద నాకు తీపిగా ఉండేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ కారణం అదే.

పైడమ్మ వదిన ఆ తరవాత ఇంకొకరి పొలంలో మొదటి నారు నాటకుండానే పోయింది. ఆమె చేతిలో ఏ చెడూ లేదు. రోగం కప్పకు. అది తెలిసీ తెచ్చింది నేను. ఇన్నాళ్లకు చెప్పాను, వినాల్సిన మనిషి లేకుండా.