బేస్ గిటారు మోగించిన గట్టిమేళం

ఒక పెళ్లిని ముహూర్తానికి పదకొండు నిమిషాల ముందే సగం జరిపించేసిన ఘనుణ్ణి నేను. పురోహితుణ్ణి కాను, పెళ్లికొడుకునీ కాను. తిరువూరులో ఓ ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాణ్ణి. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. మీరు నవ్వుకోండి, పరవాలేదు, అందరూ నవ్వారు.

మా ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు కీబోర్డు వాయిస్తారు. ఆయన దగ్గర చేరిన ఏడాదిలో నేను పాటకు తగిన టోన్ ఒక్కసారి కూడా పెట్టలేదు. భక్తి పాటకు బేస్ మెత్తగా, వినీ వినపడనట్టు ఉండాలి. పాత మెలోడీకి గుండ్రంగా ఉండాలి. జానపదానికి గుండె మీద గుద్దినట్టు ఉండాలి. ఇదంతా నాకు నోటికి వచ్చు, చేతికే రాదు. ఎ.కొండూరు భజనలో నా దెబ్బకి హారతి పళ్లెం గలగలలాడింది. గంపలగూడెంలో జానపదం ఎత్తుకుంటే నా గిటారు జ్వరమొచ్చినట్టు మూలిగింది.

"ఒరే ప్రసాదూ, మూడు నాబ్‌లు తిప్పడం నేర్చుకోడానికి ఏడాది చాల్లేదట్రా నీకు?" అన్నారు మాస్టారు. "ఆదివారం మా అమ్మాయి పెళ్లి. భోజనాల టైములో మనమే వాయించాలి. ఒక్క పాటకి టోన్ తప్పినా సోమవారం నుంచి నువ్వు రావక్కర్లేదు."

ఆ గిటారు తప్ప నాకు చేతనైంది ఇంకోటి లేదు. అది కూడా చేతకాదని మీరంటే, నేను కాదనను.

ఆదివారం పొద్దున ఫంక్షన్ హాల్లో ముహూర్తం పది నలభై రెండుకి. పెళ్లిపీటల పక్కన మేళం వాళ్లు, వాళ్ల వెనకే మేం. మంత్రాలు నడుస్తున్నా నా ధ్యాసంతా భోజనాల టైము పాటల మీదే. మైకుల దగ్గర కూర్చున్న సత్తిబాబుని అడిగాను.

"అన్నా, బాక్సుల్లోకి రాకుండా నా ఒక్కడి హెడ్‌ఫోన్‌లోకే ఇస్తావా? జానపదం టోన్ చూసుకుంటా."

"ఇచ్చా. కానీయ్."

తీగ మీటాను. ఏమీ వినపడలేదు. బేస్ పెంచాను. లేదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. అయినా లేదు. తెలివున్నవాడైతే లేచి వెళ్లి వైరు చూస్తాడు. నేను కూర్చున్నచోటు నుంచే చెవి చూపించి, 'రావట్లేదు' అని చెయ్యి ఊపాను. బాక్సుల్లో రావట్లేదని అంటున్నాననుకుని సత్తిబాబు నా లైను బాక్సుల్లోకి వదిలాడు.

మీటాను. ధణ్!

అబ్బ, ఏం టోను! అచ్చం డోలు! ఏడాదిగా దొరకనిది దొరికిందన్న సంబరంలో ఇంకో రెండు దెబ్బలు వేశాను.

గట్టిమేళం సంగతి మీకు తెలియంది కాదు. పంతులుగారు చెయ్యెత్తితే డోలు మోగుతుంది, డోలు వింటే సన్నాయి అందుకుంటుంది, మేళం హోరెత్తగానే పెళ్లికొడుకు జీలకర్ర బెల్లం పెడతాడు. మేళంలో డోళ్లు రెండు. చుట్టాలు అడ్డం నిలబడ్డంతో ఇద్దరికీ పంతులుగారు కనపడటం లేదు. నా దెబ్బ విని ఈయన ఆయన మొదలెట్టాడనుకున్నాడు, ఆయన ఈయన మొదలెట్టాడనుకున్నాడు. ఇద్దరూ విరుచుకుపడ్డారు. సన్నాయి అందుకుంది. పెళ్లికొడుకు తెర మీదుగా చెయ్యి చాపి జీలకర్ర బెల్లం పెట్టేశాడు. అక్షింతలు వానలా కురిశాయి. వెనక వరసల వాళ్లు అప్పుడే విస్తళ్ల వైపు నడిచారు.

"ఆపండి! ఎవరయ్యా మేళం అన్నది? ఇంకా పదకొండు నిమిషాలుంది!" పంతులుగారు అరిచారు.

"నేను కాదండీ, ఆయనే."

"నేనెందుకు కొడతానండీ? నువ్వు కొడితేనే కొట్టా!"

ఈలోపు భయంతో నా వేలు తీగకి తగిలింది. ధణ్! హాలంతా నావైపు తిరిగింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని నవ్వుమొహంతో ఉన్నాను నేను. ఆ నవ్వు ఎలా తీసెయ్యాలో తెలియలేదు.

పెళ్లికూతురు ఏడుపందుకుంది. మాస్టారు తల పట్టుకుని కూర్చున్నారు. ఆయన తిట్టినా బాగుండేది. ఒక ఆడపిల్ల పెళ్లి పాడుచేశానన్న దిగులుతో నాకూ ఏడుపొచ్చింది.

"ముహూర్తానికి ముందు పెట్టింది లెక్కలోకి రాదమ్మా, అది ఉత్త బెల్లం," అన్నారు పంతులుగారు. "తుడిచేసి వేళకి మళ్లీ పెట్టిద్దాం."

వినగడప నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనమామ మాత్రం ఊరుకోలేదు. "అట్టాగైతే ఆ గిటారబ్బాయి ఇట్టా మా ముందుకొచ్చి నిలబడాలండీ. రెండు చేతులూ పైకెత్తి ఉంచాలి. అప్పటిదాకా మావాడు చెయ్యి చాపడు."

నిలబడ్డాను. పది నలభై రెండుకి నిజమైన గట్టిమేళం మోగింది. అందుకే ఆ పెళ్లి ఆల్బంలో వధూవరుల వెనక, పోలీసులకు దొరికిన దొంగలా చేతులెత్తి నేనే ఉంటాను.

భోజనాల దగ్గర మాస్టారు నా పక్కకొచ్చారు. "ఏడాదిలో ఇవాళ ముహూర్తం టైములోనే నీ టోను సరిగ్గా కుదిరిందిరా. ఒక్క ముక్క వినపళ్లేదు."

"సోమవారం రమ్మంటారాండీ?"

"రా. గిటారు మాత్రం ఇంట్లో పెట్టి రా."

కాబట్టి పంచభూతాల సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను: అక్షింతలు పడేదాకా ఏ పెళ్లిలోనూ ఏ నాబూ తిప్పను. నా పెళ్లిలో అయితే చెమటలు కారుతున్నా ఫ్యాను రెగ్యులేటరు కూడా ముట్టుకోలేదు.