ఆర్గన్‌కు నేను చూసిన ఇల్లు

మేము వలస వచ్చి ఉంటున్న వెర్రిబీలో మా పక్కింటి ముసలావిడ ముప్పై ఏళ్ళు ఒకే చర్చిలో, గొట్టాల్లోకి గాలి వెళ్ళి మోగే పైప్ ఆర్గన్ వాయించింది. ఆ చర్చి మూసేస్తున్నారని తెలిసిన రోజు మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆర్గన్‌కు చోటు చూసే పని నాకు వదిలేశారు. ఊరికే ఇచ్చేస్తాను. కానీ వాయించేవాళ్ళకే ఇవ్వాలి. నాకు సాయం చేస్తావా?"

నాకు ఆర్గన్ల గురించి ఏమీ తెలియదు. కానీ మా పాప పుట్టినప్పుడు నెలరోజులు వేడిగా వండి తెచ్చిపెట్టిన మనిషి ఆవిడ. సరేనన్నాను. స్కూళ్ళకు, వేరే చర్చిలకు రాశాను. అందరూ చోటు లేదన్నారు. చివరికి ఫంక్షన్ హాలు కడుతున్న మా తెలుగాయన ఒకరు ముందుకొచ్చారు. ఆయన్ని నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని.

"టెన్షన్ పడకు చెల్లెమ్మా. స్టేజి వెనకాలే సెట్ చేయిస్తా. ఫస్ట్ డే ఆంటీతోనే ప్లే చేయిద్దాం," అన్నాడు. ఆవిడకూ అదే మాట ఇచ్చాడు.

నాలుగు శనివారాలు కూర్చుని దాన్ని విప్పాం. ఆర్గన్లు బాగుచేసే ఒకాయన దగ్గరుండి చూపించాడు. పెన్సిలంత గొట్టం మొదలు నాకంటే పొడుగైనదాకా వందల గొట్టాలు. ఒక్కోదానికి నంబరు రాసి పాత దుప్పట్లలో చుట్టాం. చిన్నవాటిని ఆవిడ నోటితో ఊది, విని, నా చేతికి అందించేది.

ఏడాదికి హాలు తెరిచారు. ఆవిడను నేనే కారులో తీసుకెళ్ళాను. ఆర్గన్‌ను కాళ్ళతో కూడా వాయించాలి కనుక పల్చటి బూట్లు వేసుకుంది. లోపల స్టేజి వెనక గోడకు ముందువరస గొట్టాలు మాత్రం ఉన్నాయి, బంగారు రంగు పూసి, స్క్రూలతో బిగించి. హార్మోనియంలా మెట్లుండే బల్ల ఎక్కడా లేదు.

"మిగతాదంతా ఏది అన్నయ్యా?"

"అదంతా ఎక్కడ పెట్టమంటావమ్మా? వింటర్‌లోనే చెత్త పారేసే టిప్‌లో పడేయించాం. బ్యాక్‌డ్రాప్ చూడు, ఫొటోల్లో సూపర్‌గా వస్తోంది."

వింటర్ తర్వాత నేను మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "వర్క్ నడుస్తోంది" అన్నాడు.

ఆవిడకు తెలుగు రాదు. మా మొహాలు చూసి అర్థం చేసుకుంది. గోడ దగ్గరకు వెళ్ళి ఒక గొట్టాన్ని చేత్తో తడిమి, "ఇంటి దగ్గర దింపుతావా?" అంది.

దారిలో క్షమించమని అడిగాను.

"ఈ ఏడాదిలో ఒక్కసారైనా వెళ్ళి చూశావా?"

వెళ్ళలేదు. మనవాడే కదా అనుకున్నాను. 

ఆయనతో నేను మాటలు మానేశాను. ఆవిడ నాతో మానలేదు. ఇప్పటికీ కంచె మీంచి పలకరిస్తుంది, పాప చదువు అడుగుతుంది. నన్ను మాత్రం మళ్ళీ ఏ సాయమూ అడగలేదు.