చెన్నయ్య కుర్చీలు

పాల్మాకులలో టెంట్‌హౌస్ నడిపే చెన్నయ్య ఎవరింటికి వెళ్లినా, ప్లాస్టిక్ కుర్చీ వేస్తే ముందు దాన్ని తిరగేస్తాడు. అడుగున తను ఎర్ర రంగుతో రాసిన 'చె' ఉందేమో చూసుకున్నాకే కూర్చుంటాడు. పెళ్లిళ్లకు పంపిన కుర్చీల్లో ఒకటీ అరా తిరిగి రాకపోవడం, అతను ఊరంతా వెతకడం ఇరవై రెండేళ్లుగా మామూలే. విమానాశ్రయం దారిలో ఫంక్షన్ హాళ్లు వెలిశాక షామియానాలు అడిగేవాళ్లు తగ్గారు; వాటి కోసం చేసిన అప్పు మాత్రం తగ్గలేదు. చివరికి దివాలా తీశానని కోర్టులో ఐపీ పెట్టడానికి శంషాబాద్‌లో భీమశంకరరావు అనే వకీలును మాట్లాడుకున్నాడు. "అప్పులు, ఆస్తులు రెండూ రాసుకుని రండి. ఒక్క చెంచా కూడా వదలకండి. దాచారని తేలితే కోర్టు ఒప్పుకోదు" అని ఆయన ఫోన్‌లో చెప్పాడు. చెన్నయ్య రెండు రోజులు కూర్చుని గరిటెలతో సహా రాశాడు. కుర్చీలు మూడు వందల పదకొండు తేలాయి.

మూడో రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాగితాల కవరు చంకలో పెట్టుకుని, షాద్‌నగర్ నుంచి శంషాబాద్ వెళ్లే బస్సెక్కాడు. వకీలు ఆఫీసులో కవరు బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ ఎదురుగా ఉన్న కుర్చీని తిరగేశాడు. ఎర్ర 'చె' ఉంది. దాన్ని సరిగ్గా వేసుకుని కూర్చున్నాడు.

"అన్నీ రాశారా, చెన్నయ్య గారూ? ఏమీ వదల్లేదు కదా?"

"జర పెన్ను ఇయ్యుండ్రి సార్."

కవరులోంచి జాబితా తీసి, కుర్చీల దగ్గర పదకొండును కొట్టేసి పన్నెండు చేశాడు.

"ఏమిటది?"

"ఒక కుర్చీ తప్పిపోయింది సార్, గిప్పుడే దొరికింది. దాని మీదనే కూసున్న."