గోడవైపు తిరిగి నిలబడే అన్న

సోమవారం దీపం పెడుతుండగా ఉప్పల్ నుంచి కబురొచ్చింది. మా నాచారం ఇంటి ముందుగదిలో కొట్టు పెట్టుకుని ఎన్నో ఏళ్లు కంప్యూటర్లు బాగుచేసిన అన్న పోయాడు. గుండెపోటట. తెలంగాణ వచ్చిన సంబరం చూసే వెళ్లాడు. నాకు మాత్రం మొదట ఆయన వంకర వేళ్లు రెండూ గుర్తొచ్చాయి.

ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే అన్న గోడవైపు తిరిగి నిలబడేవాడు. "ఏందన్నా, సారు బెంచీ ఎక్కించిండా?" అని ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్లు ఆటపట్టించేవారు. ఆయన నవ్వి, కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీని చూపేవాడు. "గిది పీకితే, ఆన్ చెయ్యంగనే అడిగే పాస్‌వర్డ్ తాళం సంగతే మర్సిపోతది. పీకినోడు ఎవడో బోర్డుకు తెల్వది. మనకు తెల్వాలె."

అడిగిన ప్రతివాడికీ అలా చెప్పడమే ఆయన చేసిన పొరపాటు.

మా వీధిలో ఒకామెను భర్త చావగొట్టేవాడు. ఆ దెబ్బల ఫొటోలు, కోర్టుకు రాసుకున్న కాగితాలు ఆమె కంప్యూటర్‌లో ఉన్నాయి. వాయిదాకు రెండు రోజుల ముందు దాన్ని అన్న దగ్గర దాచింది. బ్యాటరీ సంగతి ఆ భర్త కూడా విన్నవాడే. అందుకని ఆ ఫొటోలూ కాగితాలూ ఉండే హార్డ్ డిస్క్‌ను అన్న విప్పి, గుడ్డలో చుట్టి నాకిచ్చాడు.

"చెల్లె, దేవుని పటాల ఎన్క పెట్టు. తాళాన్ని నమ్మలేం."

ఆ మధ్యాహ్నమే ఆమె భర్త వచ్చాడు. బ్యాటరీ పీకాడు. తాళం పోయింది, లోపల డిస్క్ లేదు.

"ఏడ వెట్టినవ్ రా?"

"ఆమెది. ఆమె అడిగితే ఇస్త."

అతను అన్న చెయ్యిని బల్లకు అదిమి వేళ్ల మీద సుత్తితో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పూజగదిలో ఉన్న నాకు వినిపించింది. "చెప్తవా, సస్తవా?" మళ్లీ కొట్టాడు. "ఆమె అడిగితేనే ఇస్త" అన్నాడు అన్న. అతను కంప్యూటర్ ఇనుప మూత తీసి అన్న తల మీద బాదాడు. నేను వీధిలోకి పరుగెత్తి కేకలు పెట్టాను. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు అతన్ని లాగి పోలీసులకు అప్పగించేసరికి గోడంతా నెత్తురు చిమ్మి ఉంది.

మర్నాడు అన్న దవాఖానా నుంచి తిన్నగా కొట్టుకే వచ్చాడు, తలకూ చేతికీ కట్లతో. ఆయన చెబుతుంటే డిస్క్ నేనే బిగించాను. కంప్యూటర్ కోసం వచ్చిన ఆమెను కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమన్నాడు.

"నీ దగ్గర దాపరికమేందన్నా?" అని ఆమె ఏడ్చింది.

"కొట్టు బిడ్డా. నేను సూడ."

అని గోడవైపు తిరిగాడు. ఆరిన తన నెత్తుటి చుక్కలకు ఎదురుగా, ఆమె వేళ్ల చప్పుడు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.