వియ్యంకుడితో ఆర్మూర్‌కు

మా అమ్మాయి శ్రీమంతానికి ఆర్మూర్ పసుపే కావాలని వియ్యంకుడు రాజన్న పట్టుబట్టాడు. కొమ్ములు చూసి కొనడానికి నన్నూ రమ్మన్నాడు. ఆయన నోటికి అడ్డూ అదుపూ ఉండదు. నేనేమో ముప్పై ఏళ్లు బడిలో పిల్లల్ని కిక్కురుమననివ్వని పంతుల్ని. ఆడపిల్ల తండ్రిని కదా, కాదనలేక బయలుదేరాను.

ఉదయం ఎనిమిదిన్నరకు నిజామాబాద్ బస్టాండులో బస్సెక్కాం. గంటలోపు ప్రయాణమే. కిటికీ పక్కన కూర్చుంటే దారంతా మక్కజొన్న చేలు చూడొచ్చు. రాజన్న చూడనిస్తేనా! ఫోన్‌లో సినిమా పెట్టాడు, బస్సంతా వినేలా. అందులో ఒక పెద్ద ఆఫీసరూ, ఒక లారీ క్లీనరూ ఒకే కారులో ఊళ్లు తిరుగుతారు. ఆఫీసరు కడుపు పాడై పొద చాటుకు పోతే, క్లీనరు ఆయన ప్యాంటు ఎత్తుకుని పరుగు తీస్తాడు. రాజన్న నవ్వుకు మా సీటు ఊగింది.

"ఇదీ ఒక హాస్యమేనా బావా?" అన్నాను.

"జర ఆగు బావా. ముంగట ఆయనకు జరమొస్తే గా క్లీనరే పక్కన కూసుంటడు. నాకైతే కండ్లల్ల నీళ్లొచ్చినయ్."

ఆ సీను రాకముందే ఆర్మూర్ వచ్చింది.

మార్కెట్లో రాజన్న కొమ్ము విరిచి, రంగు చూసి, వాసన చూసి, రెండు కుప్పలు కాదని మూడోదాని దగ్గర ఆగాడు. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. బయట బండి మీద మిర్చి బజ్జీలు వేస్తున్నారు. "నూనె నల్లగున్నది, తినకు బావా" అన్నాడు. ఆయన వద్దన్నాడనే నాలుగు తిన్నాను.

ఒంటిగంట బస్సులో తిరుగు ప్రయాణం. మాక్లూర్ రాకముందే కడుపులో మెలిపెట్టింది. ఇక ఆగదని రాజన్న చెవిలో చెప్పాను, చెప్పి భయపడ్డాను. ఈయన నోట పడితే శ్రీమంతం నాటికి వాళ్ల చుట్టాలందరికీ నేనే సినిమా. వియ్యాలవారి ముందు ఇన్నాళ్లు కాపాడుకున్న పెద్దరికం కాస్తా పోతుంది.

రాజన్న లేచి అరిచాడు. "డ్రైవరన్నా, ఆపు! నా కడుపు ఆగుతలేదు!"

బస్సంతా గొల్లున నవ్వింది. "గింత పెద్దమనిషివి, జర తక్కువ తినరాదే?" అంది వెనక సీట్లో ఒకామె.

"తప్పైంది చెల్లే" అంటూ నా రెక్క పట్టుకుని, "తోడు రా బావా" అని దించాడు.

మక్క చేను పక్కన నా చేతికి నీళ్ల సీసా ఇచ్చి, తన తువ్వాల అడ్డం పట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. నాకు సినిమాలో ప్యాంటు గుర్తొచ్చింది.

"ఉన్నావా బావా?"

"ఉన్న. ఫికర్ చెయ్యకు, నిమ్మళంగ కూసో."

ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

మూడింటికి వాళ్లింటికి చేరాం. గుమ్మంలోనే అభినయంతో సహా కథ మొదలుపెట్టాడు. తనే బజ్జీలు తిన్నాడట, తనే చేనుకు ఉరికాడట. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. మా అమ్మాయి నాకు మటన్ వడ్డించి, ఆయన ముందు పెరుగన్నం పెట్టింది. "మటన్ ముట్టొద్దు మామా. ఇయ్యాల గిదే." మటనంటే ప్రాణం పెట్టే మనిషి, బుద్ధిగా పెరుగన్నం కలుపుకున్నాడు.

నాకు ముద్ద ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మీద అంత ప్రేమ ముంచుకొచ్చింది. నా పళ్లెం ఆయన వైపు జరిపాను.

"ఆ పెరుగన్నం ఇటియ్యి బావా" అని, అమ్మాయి వైపు తిరిగి, "కడుపు పాడైంది నాకమ్మా" అన్నాను.

అందరికంటే ముందు రాజన్నే నవ్వాడు. తర్వాత నేను.