ఖర్జూరం బర్ఫీ ముందు నేను రాసి పెట్టిన చీటీ

నిన్న ఏ.ఎస్. రావు నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న కొత్త మిఠాయి దుకాణంలోంచి నేతిలో ఖర్జూరం మగ్గుతున్న వాసన వచ్చింది. కాళ్లు వాటంతటవే లోపలికి నడిచాయి. అద్దాల వెనక బర్ఫీలు, లడ్డూలు, ఒక్కోదాని ముందు ఒక్కో చీటీ. తాటిబెల్లంతో చేసింది, ఎంతైనా తినండి. తేనెతో చేసింది, భయం లేదు. చక్కెర లేదు, షుగరు ఉన్నవారి కోసమే. నాకు ఒళ్లు మండిపోయింది. తేనెటీగ తెచ్చిందైతే తీపి రక్తంలోకి దిగదా? కౌంటరు దగ్గరున్న అమ్మాయిని అదే అడిగాను. "అంకుల్, పైనుంచి గిట్లనే రాసి పంపిస్తరు, మేము పెడ్తం అంతే" అంది. ఆ పిల్లను ఏమనగలను? ఇరవై ఏళ్ల కిందట అలాంటి చీటీ నా చేత్తో నేనే రాశాను. దాన్ని నా చేత పైకి చదివించిన మనిషి ఖాదర్ భాయ్.

మెట్టుగూడలో ఆయనది ఇద్దరం నిలబడితే నిండిపోయే మిఠాయి కొట్టు. పొయ్యి ఆయనది, కౌంటరు నాది. నేను నాలుగో తరగతి దాటలేదు. మిగతా చదువంతా పొట్లాలు కట్టే పాత పేపర్లలో చదువుకున్నదే. అక్షరాలు గుండ్రంగా రాస్తానని నాకు గర్వం. భాయ్‌కి ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు, అందుకే చీటీలన్నీ నావే. సరుకు పొగుడుకోవడం మాత్రం ఆయనకు చేతనయ్యేది కాదు. జిలేబీ ఎట్లుందని ఎవరైనా అడిగితే, "పొద్దుగాల్ల బాగుండె. ఇప్పుడు మెత్తగైంది, రేపు రా" అనేవాడు. వెనక నేను తల పట్టుకునేవాణ్ని. "మనం దుకాణం పెట్టినమా, సాక్ష్యం చెప్పనీకి కూసున్నమా భాయ్?" అంటే నవ్వేవాడు.

అప్పటికే మా వాడకందారుల్లో సగం మందికి షుగరు. వచ్చి, చూసి, నిట్టూర్చి పోయేవారు. రంజాన్‌కు భాయ్ ఖర్జూరం, అంజీరు కలిపి బర్ఫీ చేశాడు. సహజమైన తీపి ఒంటికి మంచిదని అంతకుముందే ఏదో పేపరు ముక్కలో చదివి ఉన్నాను. నాకు తెలివి పుట్టింది. "చక్కెర లేదు. షుగరు ఉన్నవారు నిశ్చింతగా తినవచ్చు" అని చీటీ రాసి పెట్టాను. ఏం రాసినవని భాయ్ అడిగితే, "పేరు రాసిన" అన్నాను. పళ్లేలు ఖాళీ అవుతుంటే, పండగ పోయాక కూడా ఆ బర్ఫీ చేయించాను.

రోజూ కొన్నవారిలో సుగుణ టీచరమ్మ ఒకరు. చర్చి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చదివేసిన పత్రికలు నాకు తెచ్చి ఇచ్చేది. రెండు నెలల తర్వాత ఆవిడ రావడం మానేసింది. ఒక రోజు ఆవిడ చెల్లెలు ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది. "అక్కకు కాలి మీద పుండు మానట్లేదు. షుగరు బాగా పెరిగిపోయింది, పాదం తీసేయాల్సి వస్తుందేమో అంటున్నారు డాక్టర్లు. మీ చీటీ చూసే కదండీ రోజూ తింది" అని, డబ్బా నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం రాసినవ్? చదువు." చదివాను. "మళ్ల చదువు. జెర నిమ్మళంగ." మళ్లీ చదివాను. అయినా నా వాదం మానలేదు. "పండు భాయ్ అది, దేవుడిచ్చింది. చక్కెర మనం కలపలే కద." ఆయన గుప్పెడు ఖర్జూరం ఉడికించి, బట్టలో వడగట్టి, ఆ రసాన్ని పొయ్యి మీద మరిగించాడు. చివరికి చుక్క తీసి వేళ్ల మధ్య సాగదీసి నా ముఖం ముందు పెట్టాడు.

"ఇదేంది?"

"తీగపాకం."

"చక్కెర డబ్బా ముట్టిన్నా?"

"లేదు."

"మరి ఈ తీగ యాడికెల్లి వచ్చె, నర్సిమ్మా?"

ఆయన చెప్పులేసుకుని, "నడువు" అన్నాడు.

టీచరమ్మ కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. "కొట్టు నాది, తప్పు నాది అమ్మా. రాసినోడు చెప్తడు" అని భాయ్ నన్ను ముందుకు తోశాడు. తెలియకుండానే రాశానని చెప్పాను. ఆవిడ కట్టు వంక చూసుకుంటూ, "నువ్వు బాగా చదువుతావు కదయ్యా, తెలుసుకునే రాసుంటావనుకున్నాను" అంది. తిట్టినా బాగుండేది.

కాసేపటికి ఆవిడే భాయ్ వైపు తిరిగింది. "మరి నేనేం తినాలండీ ఖాదర్ గారూ? తేనా, బెల్లమా, టీలో చక్కెరకు బదులు వేసుకునే ఆ మాత్రలా?"

"తేనె, బెల్లం, ఖర్జూరం, నాకన్నీ ఒక్క తీర్గనే టీచరమ్మా. మాత్రల సంగతి నాకు తెల్వది, డాక్టర్ను అడుగు. నేను మిఠాయి చేసెటోన్ని. ఆయన సరే అంటె వారానికి అర ముక్క తిను. తిన్ననని ఆయనకు చెప్పు."

"అర ముక్కేనా? ఇంత పిసినారివాళ్లా మీరు" అందావిడ. కట్టు మార్చడానికి నర్సు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం.

ఆ సాయంత్రం ఆయన చెబుతుంటే కొత్త చీటీ రాశాను. "ఇందులో ఖర్జూరం తీపి ఉంది. షుగరు ఉన్నవారికి ఇదీ చక్కెరే." అమ్మకాలు పడిపోయాయి. చక్కెరకు బదులు వేసే పొడి పట్టుకుని ఒకాయన వచ్చాడు. భాయ్ ఒక పళ్లెం చేసి చూసి, "చక్కెర తీసినవ్. కోవా తీసినవా, నెయ్యి తీసినవా? దీనికి సుత నిశ్చింత అని ఎట్ల రాయాలె?" అన్నాడు. పొడి తెచ్చినాయన మళ్లీ రాలేదు. టీచరమ్మకు చిటికెన వేలు పోయింది, పాదం దక్కింది. ఆ తర్వాత కర్ర పట్టుకుని కొట్టుకు వచ్చేది. నాకు పత్రికలు తేవడం మానలేదు. ఆ పత్రికలు అందుకునేటప్పుడు చాలాకాలం ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను.

భాయ్ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు నాకూ షుగరు. డాక్టరమ్మ ఒప్పుకుంది కనుక టీలో ఒక మాత్ర వేసుకుంటాను. అది అమృతమనీ అనను, విషమనీ అనను. నెలకు రెండుసార్లు ఎక్కడైనా కూర్చుని అర ముక్క మిఠాయి నిదానంగా తింటాను. పరీక్షకు వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తకుండానే అడుగుతుంది, స్వీట్లేమీ తినలేదు కదా అని.

"తిన్నానమ్మా. రెండుసార్లు, అర ముక్క చొప్పున. చక్కెరదే" అంటాను.

అప్పుడు తలెత్తి చూస్తుంది. అందరూ ముందు లేదనే అంటారట.